పురస్కారం మర్నాడు చిలుకూరుకు

సెప్టెంబర్ 5న హైదరాబాద్ రవీంద్రభారతిలో రాష్ట్ర ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం అందుకుని, మర్నాడు మొక్కు తీర్చుకోవడానికి నగరం దగ్గర్లోని చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లాను. జిల్లాల నుంచి వచ్చే టీచర్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

రవీంద్రభారతికి అసెంబ్లీ లేదా లక్డీకాపూల్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. వేదికపైకి ఏ వరుసలో రావాలో ముందే చెబుతారు కాబట్టి పిలిచిన వేళకంటే ముందే చేరుకోవాలి. శాలువా, జ్ఞాపిక, ప్రశంసాపత్రం బసలో పెట్టేసి, సాయంత్రం దగ్గర్లోనే నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా మందిరం చూడొచ్చు. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఈ పాలరాతి గుడిలో గంటలు లేవు. ధ్యానానికి అనువుగా ఉండాలని వద్దనుకున్నారు. పగలంతా మైకుల హోరు విన్న చెవులకు అక్కడ ఎంత హాయో! ఫోన్లు మాత్రం లోపలికి రానివ్వరు.

చిలుకూరుకు మెహదీపట్నం నుంచి 288డి బస్సు ఉంది, లంగర్‌హౌస్ మీదుగా వెళ్తుంది. తెల్లవారుజామునే బయల్దేరాలి. శని, ఆదివారాల్లో జనం విపరీతం, వీలైతే ఆ రెండు రోజులూ తప్పించండి.

కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, నెరవేరాక 108. వీసాల కోసం వచ్చేవాళ్ల వల్ల వీసా బాలాజీ అని పేరొచ్చింది గానీ, నేను అంతకుముందు 11 చేసింది మా పదో తరగతి పిల్లలందరూ గట్టెక్కాలని. గట్టెక్కారు. పురస్కారం ఆ వెనకే వచ్చింది. ఈ గుడిలో హుండీ లేదు, ప్రత్యేక దర్శనం టికెట్టూ లేదు. ఎంతటివారైనా అదే వరుసలో నిలబడాలి. ప్రభుత్వ బడిలో కూలీ బిడ్డకూ సర్పంచి బిడ్డకూ ఒకటే బెంచీ ఉన్నట్టే ఇక్కడా. డబ్బుతో తీరే రుణం కాదు గనక కాళ్లతోనే తీర్చుకోవాలి. నాకీ స్వామి మీద గురి కుదిరింది అందుకే.

ప్రదక్షిణలకు గళ్లు అచ్చువేసిన కార్డు దొరుకుతుంది, చుట్టుకో గడి కొట్టేయాలి. పెన్సిల్ తీసుకెళ్లండి. చెమటకు కార్డు తడిస్తే బాల్‌పెన్ రాయదు. లెక్క తప్పేది ఎక్కువగా మాటల్లో పడ్డప్పుడే. కాబట్టి గడి కొట్టే చోటు ఒకటే పెట్టుకోవాలి, గర్భగుడి ఎదురుగా వచ్చినప్పుడైతే మేలు. మొదట్లో ఉత్సాహంగా పరుగెత్తినవాళ్లు సగంలోనే చతికిలబడతారు. మామూలు నడకతో, జనం తక్కువుంటే రెండు గంటలు చాలు. సెప్టెంబర్‌లో జల్లు పడితే నేల జారుతుంది, ఎండ కాస్తే పది దాటాక అరికాళ్లు కాలతాయి. షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో మొదలుపెట్టకూడదు. మధ్యలో కూర్చుని నీళ్లు తాగి లేచినా మొక్కుకు లోటేమీ రాదు.

ఒక్కో చుట్టుకూ ఒక్కొక్కరిని తలుచుకున్నాను. నాకు ఎక్కాలు నేర్పిన పంతులుగారు, నా పేరు ప్రతిపాదించి కాగితాలన్నీ సర్దిపెట్టిన హెడ్‌మాస్టరు గారు, మధ్యాహ్న భోజనం వండే అక్కలు, ఆ తర్వాత హాజరు పట్టీలో ఉన్న వరుసలోనే పిల్లలు. వేదిక మీద పిలిచింది నా ఒక్క పేరే. ఆ పేరు వెనక ఉన్న వీళ్లందరినీ స్వామి ముందు పెట్టాలని నా కోరిక. పాత బ్యాచుల పిల్లల్ని కూడా కలుపుకుంటే 108 చాలనే లేదు.

తర్వాత దర్శనం. శ్రీదేవి, భూదేవి సమేతుడైన వేంకటేశ్వరుడి ఎదుట కళ్లు మూసుకోవద్దని, స్వామిని కళ్లారా చూడమని ఇక్కడి అర్చకులు చెబుతారు. అలాగే చూశాను. అడగడానికి ఏమీ లేదు, దండం పెట్టుకుని పక్కకు తప్పుకున్నాను.

తిరుగు బస్సు గుడి దగ్గరే ఎక్కవచ్చు. ఆరింటికల్లా ప్రదక్షిణలు మొదలుపెడితే మధ్యాహ్నానికి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండు చేరి, సొంత జిల్లా బస్సు అందుకోవచ్చు. మర్నాడు మొదటి పీరియడ్‌కు బడిలో ఉండొచ్చు.