మూడు ఓట్ల దగ్గర ఆగిన దారి

ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో మన బడి చర్చావేదికకు పెట్టిన అంశం ఇది: "అగ్రరాజ్యం ఒంటరిగా యుద్ధానికి దిగడం దాని బలానికి నిదర్శనం." పక్షానికి ముగ్గురు, మనిషికి నాలుగు నిమిషాలు, మూడో నిమిషానికి హెచ్చరిక గంట. ఇప్పటి పిల్లలకూ ఈ అంశం ఇవ్వాలి. అందుకే దీన్ని ఎలా వాదించాలో రాస్తున్నాను.

మొదటి వక్త తడబడేది "ఒంటరిగా" అన్న మాట దగ్గరే. 2003 మార్చిలో ఇరాక్ మీదికి అమెరికాతోపాటు బ్రిటన్, ఆస్ట్రేలియా, పోలండ్ సేనలూ వెళ్లాయి. కాబట్టి భద్రతా మండలి అనుమతి లేకుండా, ఫ్రాన్స్, జర్మనీ వంటి మిత్రులు వద్దంటున్నా దిగడమే "ఒంటరితనం" అని ముందే నిర్వచించుకోవాలి. లేదంటే ఎదుటి పక్షం మొదటి ఖండనలోనే పట్టేసుకుంటుంది.

అనుకూల పక్షానికి గట్టి ఆధారం అప్పటి యుగోస్లావియాలోని కొసావో. 1999లో అక్కడి పోరు ఆపడానికి 19 దేశాల నాటో యుగోస్లావియా మీద 78 రోజులు బాంబులు వేసింది. ఎక్కడ కొట్టాలన్నదాని మీద రాజధానుల మధ్య మంతనాలు సాగుతూనే ఉండేవి. నలుగురిని అడిగితే జాప్యం తప్పదన్న మాట ఇక్కడ నిలుస్తుంది.

వ్యతిరేక పక్షం ఖర్చుతో మొదలుపెట్టాలి. 1991 గల్ఫ్ యుద్ధానికి మండలి 12–2 ఓట్లతో అనుమతి ఇచ్చింది. సుమారు 6,100 కోట్ల డాలర్ల ఖర్చులో 5,000 కోట్లకు పైగా సౌదీ, కువైట్, జపాన్, జర్మనీ వంటి దేశాలే భరించాయి. 2003లో ఆ భారం చాలావరకు అమెరికా మీదే పడింది.

అసలు పట్టు టర్కీ దగ్గర ఉంది. 2003 మార్చి 1న అమెరికా సేనలకు తన నేల మీదుగా ఉత్తర ఇరాక్‌కు దారి ఇచ్చే తీర్మానానికి అంకారా పార్లమెంటులో అనుకూలం 264, వ్యతిరేకం 250, తటస్థం 19. ఎక్కువ ఓట్లు పడినా వీగిపోయింది. ఓటింగులో ఉన్న 533 మందిలో సగానికి మించి, అంటే 267 కావాలి. మూడు తగ్గాయి. దాంతో అమెరికా నాలుగో పదాతి డివిజన్ (పేరుకు పదాతి అయినా ట్యాంకులున్న దళం) సామగ్రి ఓడలు టర్కీ తీరం వదిలి సూయజ్ మీదుగా కువైట్‌కు చుట్టు తిరగాల్సి వచ్చింది. మార్చి 26 రాత్రి సుమారు వెయ్యి మంది ఉత్తర ఇరాక్‌లో పారాచూట్లతో దిగారు కానీ, ట్యాంకుల డివిజన్‌కు అది సాటి కాదు. ఒంటరిగా వెళ్లగలగడం వేరు, ఒంటరిగా మిగిలిపోవడం వేరు. నా ఓటు వ్యతిరేక పక్షానికే.

ఈ అంకెలు పలికి, కూడిక చేసి చూపడానికి నలభై సెకన్లు చాలు. అది హెచ్చరిక గంట మోగకముందే అయిపోవాలి. చివరి నిమిషం భారత్‌కు ఉంచుకోవాలి: ఇరాక్‌కు సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే కుదరదని 2003 జూలై 14న మన ప్రభుత్వం చెప్పేసింది.