తమ్ముడి కోసం మీటింగు వెతికితే

"మానేస్తానక్కా, కానీ ఒక్కడి వల్ల కావట్లేదు" అన్నాడు తమ్ముడు. ఆ రాత్రే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని ఒకరికొకరు తోడుండేవి, వెతకడం మొదలుపెట్టాను. 1935లో అమెరికాలో తాగుడుతో నలిగిపోయిన ఇద్దరు కలిసి మొదలుపెట్టిందిది. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు.

జాబితాలో ఓపెన్, క్లోజ్డ్ అని ఉంటాయి. ఓపెన్ మీటింగుకి ఎవరైనా వెళ్లొచ్చు. క్లోజ్డ్ మాత్రం మానాలనుకునేవాళ్లకే. వాడికి తోడు వెళ్లాలి కదా, ఓపెన్‌దే చూశాను. వేళలు మారుతుంటాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. ఫోనెత్తినాయన తనూ ఒకప్పుడు తాగేవాడినేనని నవ్వుతూ చెప్పాడు. నాకు సగం భయం అక్కడే పోయింది.

లోపల ఎవరూ ఇంటిపేరు అడగలేదు, మాట్లాడమని బలవంతపెట్టలేదు. వీడు చివరి కుర్చీలో కూర్చుని వింటూనే ఉన్నాడు. దేవుడి ప్రస్తావన కాస్త ఎక్కువనిపించింది నాకు. వాడికేం పట్టలేదు.

అన్నట్టు, రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మీటింగు వైద్యానికి బదులు కాదు. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. వచ్చే వారం దానికి నేను వెళ్తున్నా.