ఉమ్మమంటే తెమడ వస్తుంది, చొంగ అడగాలి

ఆంధ్ర, ఒడిశా సరిహద్దున బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు ఏ సర్కారీ ఆసుపత్రిలోనైనా ఒక పెద్దాయన చేతికి మూత డబ్బా ఇచ్చి "ఇందులో ఉమ్మండి" అనండి. గొంతు సవరించుకుని, గట్టిగా కాండ్రించి, ఛాతీలోంచి లాగి ఒక్క ఊపున ఉమ్మేస్తాడు. ఆయన తప్పేం లేదు. డబ్బా ఇచ్చారంటే టీబీ పరీక్షేనని ఊరందరికీ తెలుసు. లాలాజలం మీద పరిశోధన చేసేవాళ్లకు మాత్రం ఆ నమూనా దండగ. అందులో ఉన్నది ఊపిరితిత్తుల తెమడ, నోటి గ్రంథుల్లో ఊరిన నీరు కాదు.

పోనీ "లాలాజలం ఇవ్వండి" అంటే అది బడి పుస్తకం మాట, సగం మందికి అందదు. మనకు సరిగ్గా సరిపోయే మాట ఒకటుంది, కాస్త నామోషీ మాట: చొంగ. "తల కొంచెం ముందుకు వంచండమ్మా. నోరు కదపొద్దు, గుటక వెయ్యొద్దు, కాండ్రించొద్దు. నిద్రలో పసిపిల్లలకి చొంగ కారినట్టు దానంతటదే కారనివ్వండి." ఇంత చెబితే చాలు. ఒడియాలోనూ ఇదే చిక్కు. ఛేప అంటే ఉమ్ము, ఖంకార అంటే తెమడ, మనకు కావలసింది లాళ. సరిహద్దు ఊళ్లలో మూడు మాటలూ కలగలిపి వాడతారు కాబట్టి నమూనా తీసే మనిషికి రెండు భాషల్లోనూ ఈ తేడా తెలిసుండాలి.

చెబితే చిన్న విషయంలా ఉంటుంది గానీ, లాలాజలం మీద వచ్చే లెక్కలు ల్యాబు యంత్రం దగ్గర కంటే నమూనా తీసే కుర్చీ దగ్గరే ఎక్కువ పాడవుతాయి. దేన్నీ నమలకుండా, ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ల నోట్లో ఊరేది సగటున నిమిషానికి 0.3 నుంచి 0.4 మి.లీ. అది 0.1 మి.లీ. లేదా అంతకు తగ్గితే గ్రంథులు సరిగా పనిచేయడం లేదని లెక్క. ఒంటి రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ జబ్బుకు 2016లో అమెరికా, ఐరోపా రుమటాలజీ సంఘాలు కలిసి పెట్టిన కొలమానాల్లో కూడా ఇదే గీత, దానికి ఒక మార్కు. ఆ జబ్బు ఉందనడానికి మొత్తం 4 మార్కులు రావాలి. 0.1కీ 0.3కీ మధ్య ఎడం ఎంతో చూశారుగా, ఐదు నిమిషాల్లో ఒక్క మి.లీ. అంతే! ఒక్క గుటక మింగితే సగం పోయింది.

కొలత ఇలా తీయాలి. ఉదయం 9 నుంచి 11 లోపు, అందరికీ అదే వేళ. సాయంత్రం ఊట ఎక్కువుంటుంది, అందుకని పొద్దున కొందరినీ సాయంత్రం కొందరినీ తీసి కలిపేస్తే ఆ కలిపిన లెక్కకు అర్థం లేదు. అంతకు ముందు కనీసం 90 నిమిషాలు తిండి, టీ, పాన్, ఖైనీ, పళ్లు తోమడం ఏవీ ఉండకూడదు. వచ్చాక మంచినీళ్లతో పుక్కిలించి పది నిమిషాలు కూర్చోనివ్వాలి, లేకపోతే పుక్కిలించిన నీళ్లే ట్యూబులో పడతాయి. ఒకసారి గుటక వేయించి, అప్పుడు గడియారం మొదలుపెట్టాలి. నోరు కదలకూడదు, మాట్లాడించకూడదు. పక్కన క్యాంటీన్‌లో బరా, అదే మన గారెలు, వేగుతుంటే ఆ గది వద్దు, నోరూరుతుంది. చీకటి గది కూడా వద్దు, వెలుతురు లేకపోతే ఊట పడిపోతుంది. కరెంటు పోయినప్పుడు తీసిన కొలతలకు పక్కన గుర్తు పెట్టండి.

ట్యూబు గీతలు చూసి మి.లీ. చదవకండి. నురుగు సగం ఉంటుంది, కంటికి 2 మి.లీ. కనిపించేది నిజానికి ఒకటి కూడా ఉండదు. తూకమే దారి. 0.01 గ్రాము వరకు చూపే త్రాసు చాలు, ఒక గ్రాము అంటే ఒక మి.లీ. కింద లెక్క. ఖాళీ ట్యూబు మూతతో 13.24 గ్రాములు, ఐదు నిమిషాల తర్వాత అదే మూతతో 14.19 గ్రాములు అనుకోండి. తేడా 0.95, ఐదుతో భాగిస్తే నిమిషానికి 0.19 మి.లీ. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. ఖాళీ ట్యూబు తూచేస్తారు, పేషెంటు వచ్చాక పేరు, నంబరు రాసిన స్టిక్కరు అంటిస్తారు. ఆ స్టిక్కరు బరువు 0.2 గ్రాములైతే ఐదు నిమిషాల కొలతలో నిమిషానికి 0.04 మి.లీ. ఉత్తినే కలుస్తుంది. నిజంగా 0.08 ఉన్న మనిషి 0.12 అయిపోయి, జబ్బు గీత దాటి బయటపడతాడు. స్టిక్కరు ముందు, తూకం తర్వాత. తక్కువ ఊట ఉందనుకున్నవాళ్లకు ఐదు నిమిషాలు కాదు, పదిహేను నిమిషాలు తీయండి. తూకంలో తప్పు జరిగినా మూడో వంతుకు తగ్గుతుంది.

నమిలించి తీసేది వేరే పరీక్ష. రుచీపచీ లేని పారాఫిన్ మైనం ఒక గ్రాము, నిమిషానికి 60 సార్లు నమలాలి. ఫోన్లో టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టుకుంటే లయ తప్పదు. మామూలుగా నిమిషానికి 1 నుంచి 3 మి.లీ. వస్తుంది, 0.7 కన్నా తక్కువైతే తక్కువ కిందే లెక్క, కొందరు 0.5 దగ్గర గీత గీస్తారు. పళ్లు లేనివాళ్లు మైనం నమలలేరు కదా, వాళ్లకు 2 శాతం సిట్రిక్ యాసిడ్‌ను 30 సెకన్లకోసారి నాలుక పక్కల రాస్తారు. వక్క, గుట్కాలతో నోరు బిగుసుకుపోయినవాళ్లకు ఇది భగ్గున మండుతుంది, అడక్కుండా రాయొద్దు. ఒడిశాలో గుట్కా 2013 జనవరి నుంచి నిషేధంలో ఉంది గానీ, ఆ నోళ్లు ఇంకా మన కుర్చీల్లో కూర్చుంటూనే ఉన్నాయి.

గంజాం, గజపతి జిల్లాల్లో "పొద్దున్న ఏమైనా తిన్నారా" అన్న ప్రశ్న చాలదు. గుడాఖు వేసుకున్నారా అని విడిగా అడగాలి. పొగాకు, బెల్లం కలిపిన ఆ ముద్దతో పళ్లు తోమేవాళ్లు దాన్ని తినడంలోనూ లెక్కేయరు, పొగాకులోనూ లెక్కేయరు, పళ్లపొడి అనుకుంటారు. అది నోట్లో పెడితే కాసేపు నోరు ఊటబావే. పఖాళ, అదే మన చద్దన్నం, నిమ్మకాయ పిండుకుని తిని బస్సెక్కి వచ్చినవాళ్లకు పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) కిందికి దిగి ఉంటుంది. మే నెల ఎండలో రెండు కిలోమీటర్లు నడిచొచ్చినవాళ్లకు ఒంట్లో నీరు తగ్గి ఊట కూడా తగ్గుతుంది. నీళ్లు ఇచ్చి, నీడన కూర్చోబెట్టి, ఆ తర్వాతే కొలవండి.

పీహెచ్ సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. మూత తీసి ఉంచితే బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి పీహెచ్ పైకి పోతుంది. తీసిన వెంటనే, కుర్చీ పక్కనే కొలవాలి. ల్యాబుకు పంపి మధ్యాహ్నం కొలిచిన పీహెచ్ అది ఎవరి నోటిదీ కాదు.

ఇక ప్రశ్నాపత్రాలు. నోరు ఎండినట్టు అనిపించడం వేరు, కొలిస్తే ఊట తక్కువగా ఉండడం వేరు. రెండూ ఒకే మనిషిలో ఉండాలని లేదు. మామూలు ఊటలో సగానికి సగం పడిపోతే గానీ చాలామందికి ఎండినట్టు తెలియదు. ఇటువైపు మనుషులు "నోట్లో తడి నేదు బాబూ" అంటారు, "నాలిక పిడస కట్టేస్తంది" అంటారు. ఈ రెండో మాట బంగారం. దప్పికకూ నోరు ఎండడానికీ తేడా అందులోనే తెలుస్తుంది. పాశ్చాత్యుల ప్రశ్నల్లో "పొడి ఆహారం మింగడానికి నీళ్లు తాగాల్సి వస్తుందా" అని ఒకటుంటుంది, వాళ్ల మనసులో ఉన్నది ఎండు బిస్కట్టు. మూడు పూటలా చారన్నం, పప్పన్నం తినేవాళ్లను అదే అడిగితే "అబ్బే లేదు" అంటారు. ముఢీ అడగండి, మన మరమరాలు. "ఒట్టి మరమరాలు గుప్పెడు నీళ్లు లేకుండా తినగలరా?" బరంపురంలో ముఢీ ఎరగని మనిషి లేడు. అయితే ప్రశ్న మార్చాక దాన్ని ఇంకో మనిషి చేత వెనక్కి అనువదింపించి, కొందరి మీద పరీక్షించి చూడాలి. మార్కులను వేరే దేశపు మార్కులతో నేరుగా పోల్చకూడదు.

ఒప్పంద పత్రం దగ్గర మన జిల్లాలకే ఉన్న తిరకాసు ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవాళ్లు తెలుగు పత్రం ఇస్తే చదవలేరు, ఒడియా పత్రం ఇచ్చి తెలుగులో వివరించాలి. ముసలివాళ్లలో కొందరికి ఇది తిరగబడుతుంది. భాష అడిగి ఊరుకోకండి, ఏ లిపి చదువుతారని అడగండి. వేలిముద్ర వేసేవాళ్లకు సంబంధం లేని సాక్షి కావాలి. మందు, చికిత్స పరీక్షించే అధ్యయనమైతే మొదటి మనిషిని చేర్చుకోకముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి, 2018 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. ఇంకోటి, నలుగురి ముందు చొంగ కార్చమంటే ఎవరికైనా సిగ్గే. ఒక తెర కట్టండి. తెర లేకపోతే ఆడవాళ్లు గబుక్కున మింగేస్తారు, మీకు ఊట తక్కువని లెక్క వస్తుంది.

మందులు నోటి మాటగా రాసుకోకండి, స్ట్రిప్పులే తెమ్మనండి. షుగరు ఉన్నవాళ్లలో నోరు ఎండితే వెంటనే షుగరు ఖాతాలో వేస్తారు. నిజమే, షుగరు పెరిగి మూత్రం ఎక్కువపోతే నోరు ఎండుతుంది. కానీ అదే మనిషికి అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ రాసి ఉంటారు, నోరు ఎండగొట్టడంలో అది పేరుమోసిన మందు. జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే మాత్రలు, నీరు తీసే మాత్రలు, అన్నీ అదే పని చేస్తాయి. స్ట్రిప్పు చూడని అధ్యయనంలో "షుగరు వల్ల ఊట తగ్గింది" అన్న వాక్యాన్ని నేను నమ్మను.

చిగుళ్ల జబ్బుకూ షుగరుకూ లంకె మాత్రం గట్టిదే. చిగుళ్లకు లోతుగా శుభ్రం చేస్తే మూడు నాలుగు నెలల్లో, గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం వరకు దిగుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2022 కోక్రేన్ సమీక్ష తేల్చింది. చిగుళ్ల జబ్బుకు ఇప్పుడు వాడుతున్న 2018 వర్గీకరణలో హెచ్‌బీఏ1సీ 7 లేదా అంతకు మించితే నేరుగా గ్రేడ్ సి, అంటే జబ్బు వేగంగా ముదిరే తరగతి. అయితే కోరాపుట్, రాయగడ, గజపతి వైపు సికిల్ సెల్, అంటే ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు, ఎక్కువ. ఆ జబ్బున్నవాళ్లలో ఎర్ర కణాలు తొందరగా చచ్చిపోతాయి కాబట్టి షుగరు పెరిగినా హెచ్‌బీఏ1సీ తక్కువే చూపిస్తుంది. సికిల్ పరీక్ష చేయకుండా ఈ జిల్లాల్లో ఆ సంఖ్య మీద గ్రేడ్ వేయడం గుడ్డిగా వేయడమే. అన్నట్టు, లాలాజలంతో షుగరు చూసేయొచ్చని అప్పుడప్పుడు వినిపిస్తుంది. రక్తంతో పోలిస్తే అందులో గ్లూకోజు నూరో వంతు ఉంటుందేమో, దాన్ని కూడా నోట్లో సూక్ష్మజీవులు తినేస్తాయి, పంటి సందులో మెతుకు కలిపేస్తుంది. వేలు గుచ్చుకోక తప్పదు.

కిడ్నీ జబ్బు ఇంకో కథ. సరిహద్దు దాటితే కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం ఉద్దానమే కదా. కిడ్నీలు పాడైతే రక్తంలో యూరియాతో పాటు లాలాజలంలోనూ యూరియా పెరుగుతుంది, నోటి సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. అందుకే ఆ వాసన, అందుకే పీహెచ్ పైకి, అందుకే పళ్ల మీద గార ఎక్కువ, పుచ్చులు అంత ఉండవు. ట్యూబును ఐసులో పెట్టకుండా గంట ఉంచితే ఆ సూక్ష్మజీవులు ట్యూబులోనూ అదే పని చేసి యూరియాను తగ్గించేస్తాయి. డయాలిసిస్ వాళ్లకు నమూనా ఎప్పుడూ డయాలిసిస్‌కు ముందే తీయాలి. ఎండలో వచ్చారని వాళ్లకు నీళ్లు పోయకండి, వాళ్ల నీటి కొలత డాక్టరు రాసి ఉంటారు.

నిల్వ సంగతి. అరగంటలో సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి మడ్డిని వేరుచేసే యంత్రం), అర మి.లీ. చొప్పున చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీలు. పంచకుండా ఒక్క గొట్టంలో పెడితే పరీక్షకోసారి కరిగించి మళ్లీ గడ్డకట్టించాల్సి వస్తుంది, ప్రోటీన్లు విరిగిపోతాయి. చిగుళ్లు కారి గులాబీ రంగు తగిలిన నమూనాను విడిగా పెట్టండి, రక్తం చుక్క కలిస్తే చాలా కొలతలు చెడతాయి. అక్టోబరు ఈ తీరానికి గండం: ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి ఉండదు. ఒకే మనిషి గొట్టాలను రెండు ఊళ్లలో రెండు ఫ్రీజర్లలో పెట్టడం మేలు.

చివరగా అంగిలి. ఈ తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. 1971లో అచ్చయిన పరిశోధనలో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు చూశారు, అందులో అంగిలి మార్పులు, క్యాన్సరు ఈ అలవాటుతో ముడిపడి కనిపించాయి. ఫారంలో "పొగ తాగుతారా" అని ఒక్క గడి పెడితే "మగోళ్లు తాగుతారు, నాను చుట్ట" అన్న ముసలమ్మ జవాబు లేదు కింద పడిపోతుంది. చిగుళ్ల జబ్బు 2018 వర్గీకరణలో రోజుకు 10 సిగరెట్ల గీత ఉంది, చుట్టకు గీత లేదు. చుట్టను సిగరెట్లలోకి మార్చే లెక్కలు మీరే పుట్టించకండి, చుట్టలెన్ని, నిప్పు లోపలా బయటా అని రెండు గళ్లు విడిగా పెట్టండి. అంగిలి మీది చిన్న గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా ఉబ్బుతాయి, చుట్టూ తెల్లబడుతుంది. ఆ చిన్న గ్రంథుల వాటా మొత్తం ఊటలో పదో వంతు కూడా కాదు కాబట్టి ట్యూబులో తూకం మామూలుగానే వస్తుంది, అంగిలి మాత్రం పాడై ఉంటుంది. కట్టుడు పళ్లు తీయించి, అద్దం లోపల పెట్టి, టార్చి వేసి చూడండి.