బూట్లు విప్పి ఎక్కిన కెప్టెన్

జోజిలా కనుమ దాటాక చెట్లు పలచబడి, చివరికి కనిపించడమే మానేశాయి. శ్రీనగర్-లేహ్ హైవే మీద వెళ్లేవాళ్లు ద్రాస్‌లో కార్గిల్ యుద్ధ స్మారకం దగ్గర ఎలాగూ ఆగుతారు. మేమూ ఆగాం.

తోలోలింగ్ కొండ స్మారకానికి ఎదురుగా నిటారుగా ఉంది. మ్యాపుల్లో ఎంత చూసినా బుర్రకెక్కని సంగతి అక్కడ నిలబడితే ఇట్టే తెలిసిపోయింది. పైనున్నవాడికి కింద హైవే మీద లారీ కదిలినా కనిపిస్తుంది. ఎక్కేవాడికేమో దాక్కోవడానికి పొద కూడా లేదు. 1999లో, పైన పాక్ సైనికులున్నప్పుడు, మన దాడులు ఎక్కువగా రాత్రిపూటే ఎందుకు జరిగాయో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

వచ్చినవాళ్లలో చాలామంది విక్రమ్ బాత్రా గురించి అడుగుతున్నారు. అడగాల్సిందే. నేను మాత్రం వెతికింది కెప్టెన్ నైకెఝాకువో కెంగురుసే పేరు. నాగాలాండ్‌లో కోహిమా దగ్గరి నెర్హెమా ఊరివాడు, సైన్యంలోకి రాకముందు స్కూల్ టీచర్. పేరు నోరు తిరగక కాబోలు, జవాన్లు 'నింబూ సాబ్' అనేవారట! 1998 డిసెంబర్‌లో ఆఫీసరయ్యాడు. సైన్యానికి సరఫరాలు చూసే ఆర్మీ సర్వీస్ కోర్ నుంచి 2 రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్‌కి వచ్చి, ఘాతక్ ప్లాటూన్‌ని, అంటే ముందుండి మెరుపుదాడి చేసే చిన్న దళాన్ని, నడిపించాడు.

1999 జూన్ 28 రాత్రి, దాదాపు 16,000 అడుగుల ఎత్తున, మైనస్ పది డిగ్రీల చలిలో ఆ ప్లాటూన్ ఒక రాతిగోడ ఎక్కాల్సి వచ్చింది. అప్పటికే ఆయనకు పొట్టలో గాయం. రాయి మీద మంచు, బూట్లు జారిపోతున్నాయి. వాటిని విప్పేసి, కాలివేళ్లతో పట్టు దొరకబుచ్చుకుంటూ, రాకెట్ లాంచర్ మోసుకుని పైకెక్కాడు. బంకర్ల మీద కాల్చాడు, మీదికొచ్చిన ఇద్దర్ని కత్తితో చంపాడు. తర్వాత తూటా తగిలి లోయలో పడిపోయాడు. పాతికేళ్లు నిండటానికి ఇంకా రెండు వారాలుంది. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు, యుద్ధంలో చూపిన శౌర్యానికి పరమవీర్ చక్ర తర్వాత అదే పెద్ద పతకం. చదునైన దారిలో, మంచి షూస్‌తో నడవడానికే నాకు ఆయాసం వస్తోంది మరి.

"ఎక్కడి నుంచి వచ్చారు?" అని అక్కడి జవాను అడిగాడు. హైదరాబాద్ అన్నాం. "మేజర్ ఆచార్య సాబ్ ఊరు!" అన్నాడు వెంటనే. పద్మపాణి ఆచార్యదీ అదే బెటాలియన్, ఆయన పోయిందీ అదే రోజు, వచ్చిందీ అదే పతకం. అప్పుడు భార్య గర్భవతి. ఆమెకు రోజూ మహాభారతంలోంచి ఒక కథ చెప్పమని తండ్రికి ఉత్తరం రాశాడు, పుట్టబోయే బిడ్డ కోసం. మాలో హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాళ్లకి ఈ సంగతి ద్రాస్‌లో, వేరే రాష్ట్రం జవాను చెబితే తెలిసింది. కార్గిల్ చేరేదాకా కారులో ఇదే గొడవ: మన స్కూల్లో ఎందుకు చెప్పలేదు అని.