జర్మన్ ఎక్సెల్ షీట్లలో కాలమ్ పేర్ల శుభ్రత

మన దగ్గర డేటా పని చేసి జర్మనీకి వచ్చినవాళ్లకు పాండాస్ (టేబుళ్లతో పని చేసే పైథాన్ లైబ్రరీ) కొత్త కాదు, టేబుల్ పైవరసే కొత్త. అక్కడ హెడ్డింగులు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉండేవి, ఖాళీలు తీసి అండర్‌స్కోర్ పెడితే పని జరిగిపోయేది. ఇక్కడ అకౌంట్స్ వాళ్లు పంపే షీట్లో 'గ్రోసె', 'ష్ట్రాసె' లాంటి పేర్లుంటాయి. మొదటిది సైజు, రెండోది వీధి. గ్రోసెలో ఓ మీద రెండు చుక్కలు ఉంటాయి. రెండింట్లోనూ ఎస్‌సెట్ అనే జర్మన్ అక్షరం ఉంటుంది.

ఇలాంటి పేర్లకు తరచూ వాడే చిట్కా ఒకటుంది: ఎన్‌ఎఫ్‌కేడీ (అక్షరాన్ని, దాని మీది గుర్తును విడగొట్టే యూనికోడ్ పద్ధతి) చేసి, ఆస్కీ (మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు) కాని అక్షరాలను 'ఇగ్నోర్'తో వదిలేయడం. దయచేసి అలా చేయకండి. ఓ మీది చుక్కలే పోతాయి, ఓ మిగులుతుంది. ఎస్‌సెట్ మాత్రం విడిపోయే అక్షరం కాదు కాబట్టి పూర్తిగా మాయమవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. నెల తర్వాత ఆ పేరు చూసి అది వీధి అని ఎవరూ గుర్తుపట్టలేరు.

ముందు ఎన్‌ఎఫ్‌కేసీ చేయండి. కొన్ని ఫైళ్లలో ఓ వేరుగా, చుక్కలు వేరుగా, రెండు క్యారెక్టర్లుగా ఉంటాయి. కంటికి తేడా తెలియదు, కానీ రీప్లేస్‌కు దొరకవు. ఎన్‌ఎఫ్‌కేసీ వాటిని కలిపేస్తుంది, చదరపు మీటరు గుర్తులోని చిన్న 2ను మామూలు 2 చేస్తుంది. తర్వాత అన్నీ చిన్నక్షరాలు చేసి, చుక్కల ఏ, ఓ, యూలను జర్మన్లే రాసుకునే పద్ధతిలో ఏఈ, ఓఈ, యూఈగా, ఎస్‌సెట్‌ను రెండు ఎస్‌లుగా మార్చండి.

గుర్తుల సంగతి ఇప్పుడు. అమ్మకాలకు 'ఉమ్‌జాట్స్ %', 'ఉమ్‌జాట్స్ €' అని పక్కపక్కనే రెండు కాలమ్‌లు ఉంటే, గుర్తులు ఊడగొట్టగానే రెండూ ఒకే పేరవుతాయి. అందుకే ముందే శాతం గుర్తును 'ప్రొత్సెంట్'గా, యూరో గుర్తును 'యూరో'గా మార్చాలి. ఆ తర్వాతే ఏ–జెడ్, 0–9 కానివన్నీ అండర్‌స్కోర్ చేసి, మొదట్లో, చివర్లో మిగిలినవి తీసేయండి. '2024' లాంటి అంకెతో మొదలయ్యే పేరుకు ముందు ఒక అక్షరం తగిలించండి. చివర్లో ఏ పేరైనా రెండుసార్లు వస్తే కోడ్ అక్కడే ఆగిపోవాలి. తనంతట తానే _2 తగిలిస్తే ఏది ఏదో తెలియదు.

'అన్‌నేమ్డ్: 3' అని కనిపిస్తే (హెడ్డింగు ఖాళీగా ఉంటే పాండాస్ పెట్టే పేరు ఇది) పేరు దిద్దకండి. చాలాసార్లు పైన కంపెనీ పేరుతో మెర్జ్ చేసిన వరసలుంటాయి. హెడర్ లెక్క 0 నుంచి మొదలవుతుంది, హెడ్డింగులు మూడో వరసలో ఉంటే 2 ఇవ్వాలి. మొదటి కాలమ్ ఒక్కటే దొరకనంటే ఫైలు మొదట్లో బీఓఎం (ఎన్‌కోడింగ్ తెలిపే, కంటికి కనిపించని గుర్తు) దాగి ఉండొచ్చు. దాన్ని ఖాళీలు తీసే స్ట్రిప్ తీయలేదు, సీఎస్‌వీని యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌తో చదవండి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి వెళ్లే పేరు 63 బైట్లు దాటితే తోక తెగుతుంది. 'యూజర్' అనే కాలమ్ మరీ ప్రమాదం: కోట్స్ లేకుండా సెలెక్ట్ చేస్తే ఎర్రర్ రాదు, ప్రతి వరసలో లాగిన్ అయినవాళ్ల పేరే వస్తుంది.

పాత పేరు, కొత్త పేరు జంటగా ఒక షీట్లో దాచండి. మీటింగులో జర్మన్ సహోద్యోగి పాత పేరే చెబుతారు.

ఇదే కోడ్‌ను ఊరి నుంచి వచ్చిన తెలుగు షీట్ మీద నడపకండి. ఏ–జెడ్ బదులు బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ (ఏ భాష అక్షరమైనా, అంకైనా అని అర్థం) పెట్టినా పైథాన్ రెగెక్స్ (వెతికే నమూనా) గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కపెట్టదు. 'పేరు' కాస్తా 'ప_ర' అవుతుంది. తెలుగు హెడ్డింగులకు మాత్రం పేర్ల జాబితా చేత్తో రాసుకోవడమే మేలు.