పొగాకు పెట్టుబడికి గోల్డ్ లోన్: ఐదు వడ్డీ రేట్లు ఎలా పోల్చుకున్నానంటే (నా అనుభవం)

మాది టంగుటూరు దగ్గర ఊరు, పొగాకు వేస్తాం. ఆకు రెలుపులు (కోతలు) మొదలయ్యాయంటే కూలీలకి, ఆకు కాల్చే బ్యారన్ కట్టెలకి రోజూ డబ్బులు కావాలి, మనకొచ్చేదేమో వేలంలో బేళ్లు అమ్ముడుపోయాకే. మొన్న సీజన్లో రెండు లక్షలు తక్కువపడి అమ్మ నగలు పెడదామనుకున్నాం.

ఎక్కడ పెట్టాలా అని కనుక్కుంటే ఊళ్లో అప్పిచ్చే ఆయన నూటికి రూపాయిన్నర అన్నాడు, ఒంగోల్లో ఒక బ్యాంకులో 9.5 శాతం, ఇంకో బ్యాంకులో 9.25, ఒక ప్రైవేట్ ఫైనాన్స్ బోర్డు మీద 0.99, మా తమ్ముడు ఫోన్లో చూపించిన యాప్‌లో 0.06. అంకెలు మాత్రమే చూస్తే యాప్ చవక, బ్యాంకులు ఖరీదు. వాడు అదే అన్నాడు, సున్నా తర్వాత సున్నా ఉంది కదక్కా అని.

నేను కాగితం తీసుకుని అన్నిటినీ నూటికి ఏడాదికి ఎంత అనే లెక్కలోకి మార్చా. బ్యాంకులవి ఎలాగూ ఏడాది లెక్కే. రూపాయిన్నర నెల వడ్డీ కాబట్టి పన్నెండు నెలలకి 18. 0.99 కూడా నెలదే, 11.88. యాప్‌ది రోజు వడ్డీ! 365తో గుణిస్తే 21.9. అంటే అన్నిటికన్నా చిన్నగా కనిపించిందే అన్నిటికన్నా పెద్దది, ఊళ్లో వడ్డీని కూడా దాటేసింది. పెద్దోళ్లకి మాత్రం నెల లెక్కలో చెప్తేనే ఎక్కుతుంది, అమ్మ డ్వాక్రాలో ఉంది కాబట్టి పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం అని బాగా తెలుసు, అలా ముప్పావలా అంటే 9, బ్యాంకుల రెండు రేట్లూ ముప్పావలాకి ఒకటి రెండు పైసలు, ఇంకోటి నాలుగు పైసలు పైన ఉన్నాయి అన్నాను, వెంటనే అర్థమైంది.

తర్వాత బ్యాంకుల మధ్య. బాబాయ్ 9.25 ఎక్కువ అన్నాడు, "ఇరవై ఐదు పెద్దదా ఐదు పెద్దదా అమ్మాయ్" అని. పొలం పాస్‌బుక్ తీసి చూపించా: బాబాయ్, 2.5 ఎకరాలంటే రెండెకరాల యాభై సెంట్లు, 2.25 అంటే రెండెకరాల పాతిక సెంట్లు, ఏది పెద్దది? పాయింట్ తర్వాత ఒకటే అంకె ఉంటే పక్కన సున్నా పెట్టి చూడాలి, 9.50, 9.25, అంతే. ఇది స్కూల్లో చదివినా పెద్దయ్యాక చాలామంది మర్చిపోతారు.

అలాగని 9.25 దగ్గరికి వెళ్లిపోలేదు. అక్కడ ప్రాసెసింగ్ ఫీజు 0.5 శాతం ఉంది, 9.5 బ్యాంకులో లేదు. రెండు లక్షల మీద 0.5 అంటే వెయ్యి రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 180. వడ్డీలో తేడా పావు శాతం, అంటే ఏడాది ఉంచినా 500, ఆరు నెలలకైతే 250. ఆ 250 మిగుల్చుకోడానికి 1180 కట్టాలి. మాకు కావాల్సింది ఆరు నెలల్లోపే, కాబట్టి 9.5 ఏ చవక. 0.99 వాళ్లేమో నెలనెలా వడ్డీ కట్టకపోతే రేటు పెరుగుతుందన్నారు, వేలం దాకా చేతిలో రూపాయి ఉండని రైతుకి అది కుదిరే పని కాదు.

ఇంకోటి, ఆర్‌బీఐ రూల్ ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ లోన్లకి కేఎఫ్‌ఎస్ (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, లోన్ ముఖ్య వివరాలు) అనే కాగితం ఇవ్వాలి, అందులో ఏపీఆర్ అని ఫీజులు కూడా కలిపిన ఏడాది శాతం ఉంటుంది. నేను కౌంటర్లో అది అడిగే సంతకం పెట్టా, దయచేసి మీరూ అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

వేలం డబ్బులు పడ్డాక లోన్ క్లోజ్ చేశాం. వడ్డీ ఎన్ని రోజులు వాడామో అన్ని రోజులకే వేశారు. నగలు ఇచ్చేటప్పుడు మళ్లీ తూకం వేయించుకుని, మొదట ఇచ్చిన స్లిప్‌లో గ్రాముల పాయింట్ తర్వాత అంకెలతో సహా సరిచూసుకునే బయటికొచ్చాం.