ఒక్క ఊపిరిలో ఎంతవరకు

మా అమ్మ ఇది రాయొద్దంది. "నయమైపోయింది కదా, మళ్ళీ తవ్వుకోవడం దేనికి?" అంటుంది. నేనూ ఆసుపత్రి ఫైలు చీరల కింద పెట్టేసి చాలాకాలం అటు చూడలేదు. మొన్న ఒకే వారంలో రెండు మాటలు విన్నాక ఫైలు బయటికి తీశాను. మా వీధిలో ఒకావిడ ఇంటికొచ్చి, "ప్రార్థన వల్లే లేచి నడిచావంట కదా, మా కూటానికొచ్చి సాక్ష్యం చెప్పమ్మా" అంది. నాలుగు రోజులకి మా ఆడపడుచు ఫోన్ చేసి, "మంచాన పడి ఉన్నప్పుడు చూసి నిన్ను వాళ్ళ మతంలో కలిపేసుకున్నారు వదినా" అంది. ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే. ఇద్దరూ తప్పే చెప్పారు.

2022 ఆగస్టు. నేను ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తాను. జూలై నెలాఖరు రిటర్నుల హడావిడిలో బయట తిండి తిని రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. ఓఆర్ఎస్ తాగుతూనే పని కానిచ్చాను. తగ్గిపోయింది కూడా. పది రోజుల తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. నడుస్తుంటే చెప్పు ఊడిపోతోంది, ఊడినట్టు తెలియడం లేదు. మూడో రోజుకి విశాఖ కంచరపాలెంలో మా ఇంటి మెట్లు చేతులు ఆన్చి పాకుతూ ఎక్కాను. నడుం దగ్గర ఎవరో మెలితిప్పుతున్నట్టు నొప్పి.

ఆ రాత్రి మా ఆయన నన్ను ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళాడు. పేరు రాయను. డ్యూటీ డాక్టరు బీపీ చూశాడు, ఈసీజీ తీయించాడు, షుగర్ చూశాడు. అన్నీ బాగున్నాయి. నా ఎదురుగానే, నన్ను కాకుండా మా ఆయన్ని అడిగాడు: "ఇంట్లో ఏమైనా గొడవలు జరిగాయా?"

లేవన్నాడు మా ఆయన.

"ఆడవాళ్ళకి ఈ వయసులో ఇవి మామూలేనండీ. టెన్షన్. ఏదీ అమ్మా, లేచి నడవండి. నటించకుండా నడవండి."

నడిచాను. పరువు కోసం మంచం పట్టుకుని నాలుగు అడుగులు వేశాను. "చూశారా?" అన్నాడు. బీ12 ఇంజెక్షను, నిద్రమాత్ర రాసి పంపేశాడు. ఇంటికొస్తూ ఆటోలో నేను మా ఆయనకి సారీ చెప్పాను, అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టించానని. ఇప్పటికీ ఆ డాక్టరు మాట కంటే నా సారీ మీదే నాకు ఎక్కువ కోపం.

ఆ మాత్ర వేసుకుని రెండు రోజులు ఇంట్లోనే పడి ఉన్నాను. మూడో రోజు పొద్దున బాత్‌రూమ్‌లో కూలబడితే లేవలేకపోయాను. పక్కింటి కుర్రాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. ఈసారి వేరే ఆసుపత్రి. నరాల డాక్టరు వచ్చి ఏమీ అడక్కుండానే జేబులోంచి చిన్న రబ్బరు సుత్తి తీసి మోకాలి కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండో మోకాలి మీదా కొట్టారు. అదీ కదల్లేదు. ఆ ఒక్క సుత్తి మూడు రోజుల ముందు ఎవరి జేబులోనైనా ఉండి ఉంటే!

జబ్బు పేరు గులియన్ బారీ సిండ్రోమ్. లక్ష మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వస్తుంది. కడుపులో క్రిమి మీదికి ఒళ్ళు పంపిన సైన్యం క్రిమిని వదిలేసి నరాల మీద పొరనే కొరికేస్తుందట. 2025 మొదట్లో పుణెలో కేసులొచ్చి పేపర్లన్నీ రాసినప్పుడు అందరికీ ఈ పేరు తెలిసింది. మాకు అప్పుడు పలకడం కూడా రాలేదు. పాదాల నుంచి పైకి పాకుతుంది, ఊపిరి కండరాల దాకా వస్తే వెంటిలేటరు పెట్టాలి, చాలామంది మళ్ళీ నడుస్తారు అని చెప్పారు. నేను చివరి ముక్క వినలేదు.

మందు ఇమ్యునోగ్లోబ్యులిన్. కిలోకి 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు. నా బరువుకి రోజుకి అయిదు సీసాలు, మొత్తం 25. మా ఆయన బండీ, నా గాజులూ ఆ సీసాల్లోకే వెళ్ళాయి. నడుంలోంచి నీరు తీయడం, నరాలకి కరెంటు పెట్టి చూడడం, అవన్నీ జరిగాయి, గుర్తున్నాయి, రాయడానికేం లేదు.

రాయాల్సింది రెండో రోజు రాత్రి గురించి.

ఐసీయూలో గంటగంటకీ ఒక పరీక్ష పెట్టేవారు. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో బయటికి లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు నలభై దాటేస్తారు. నేను సాయంత్రం ఆరింటికి 24 చెప్పాను. పదింటికి 19. అంకెలతో బతికేదాన్ని కదా, ఆ తగ్గడం ఎటు పోతోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి 15. డాక్టరు వచ్చి మెడ ఎత్తమన్నారు. ఎత్తలేకపోయాను. కాసేపటికి ప్లాస్టిక్ కవరు కప్పిన వెంటిలేటరును తోసుకొచ్చి నా మంచం పక్కన నిలబెట్టారు. కనురెప్పలు పూర్తిగా మూతపడడం లేదు, కాబట్టి చూడకుండా ఉండే వీలు కూడా లేదు.

నైట్ డ్యూటీలో ఒక నర్సు. పాతికేళ్ళుంటాయేమో, విజయనగరం వైపు అమ్మాయి. నా కళ్ళలో చుక్కలు వేసి, టేపు అంటించబోతూ ఏదో గొణుగుతోంది. రెండు ముక్కలు చెవిన పడ్డాయి.

"ఆర్సీఎమ్మా?" అన్నాను, రోమన్ కాథలిక్కా అని. ముక్కుతో మాట్లాడుతున్నట్టు వస్తోంది గొంతు.

"అవునక్కా. మీరూనా?"

కాదు. మా అమ్మ జ్ఞానాపురంలో ఆర్సీఎం ఇంటి పిల్ల. మా నాన్న పోర్టులో పనిచేసేవాడు, హిందువు. ఆయన్ని చేసుకున్నాక అమ్మ చర్చి గుడికి వెళ్ళడం మానేసింది, నాకు జ్ఞానస్నానమూ (బాప్తిస్మం) ఇప్పించలేదు. కానీ వేసవి సెలవులన్నీ అమ్మమ్మ దగ్గరే. సందేళ దీపం పెట్టగానే అమ్మమ్మ జపమాల తీసేది. ఏసు తల్లి మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం రెండు వంతులుగా చెప్పుకుంటారు: ఒకరు మొదటి సగం అంటే మిగతావాళ్ళు రెండో సగం అందుకుంటారు. ఇంట్లో మేమిద్దరమే కాబట్టి రెండో సగం ఎప్పుడూ నాది. మధ్యలో నిద్రొచ్చి తూలితే "నీ వంతు ఎగ్గొట్టకే" అని మోచేత్తో పొడిచేది. అమ్మమ్మ పోయి అప్పటికి పాతికేళ్ళు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పే ఊపిరి నాకెక్కడిది? "మా అమ్మమ్మ" అన్నాను, అంతే. ఆమెకి ఏం అర్థమైందో, మొదటి సగం మెల్లగా చెప్పి ఆగింది.

రెండో సగం నా నోటికి వచ్చేసింది. "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా..." అక్కడికి ఊపిరి అయిపోయింది. మళ్ళీ పీల్చి, "పాపాత్ములమైన మా కొరకు..." మళ్ళీ అయిపోయింది. "ఇప్పుడును, మా మరణ సమయమందును" అన్న ముక్క చిన్నప్పుడు వేల సార్లు అని ఉంటాను. ఆ రాత్రి దాని అర్థం తెలిసి నోరు ఆగిపోయింది. మిగతాది ఆ అమ్మాయే పూర్తి చేసింది. పక్క మంచం మానిటరు మోగితే పరుగెత్తింది. వచ్చింది. మళ్ళీ మొదటి సగం. రెండింటికి లెక్క 11. మూడింటికీ 11. పది కంటే తగ్గితే గొట్టం వేసేద్దామని డాక్టరు అనడం విన్నాను. అప్పటికి నా వంతు కూడా ఆమే చెప్పేస్తోంది, నేను పెదాలు కూడా కదపడం లేదు. నాలుగింటికి మళ్ళీ 11. అయిదింటికి 12. ఏడింటికి డ్యూటీ దిగేముందు ఆమె చార్టు నా ముఖం మీదికి వంచి చూపించింది: 13.

ప్రార్థన వల్ల ఆగిందని నేను చెప్పను. అప్పటికి పది సీసాల మందు ఒంట్లోకి వెళ్ళింది, అది పనిచేసింది. అదే మందు, అదే జపం ఉన్నా వెంటిలేటరు మీదికి వెళ్ళేవాళ్ళుంటారు. వాళ్ళ విశ్వాసం తక్కువని అనే నోరు నాకు లేదు. సాక్ష్యం అడిగిన ఆవిడకి నేను చెప్పాల్సిన జవాబు ఇది.

ఆడపడుచుకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మర్నాడు పక్క మంచం పెద్దాయన కోసం ఫాదర్ గారు వచ్చారు, నుదుటికీ చేతులకీ నూనె రాశారు. నాకూ రాస్తారేమో అనుకున్నాను. అది జ్ఞానస్నానం పొందినవాళ్ళకే అన్నారు, నాకోసం ప్రార్థన చెప్పి వెళ్ళిపోయారు. నిజం చెప్పొద్దూ, చిన్నబుచ్చుకున్నాను. ఆ తర్వాత చాలా నెలలకి ఆ నర్సమ్మాయి ఒక మాట చెప్పింది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి ఎవరైనా సరే నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వొచ్చట, ఫాదరే కానక్కర్లేదట. ఆ రాత్రి మూడింటికి ఆమెకి ఆ ఆలోచన వచ్చిందట. గ్లాసు నీళ్ళు పక్కనే ఉన్నాయి.

"మరి పోయలేదేం?"

"మీరు అడగలేదు కదక్కా."

కలిపేసుకోవడం అంటే ఇదేనా వదినా?

నలభై రోజులకి వాకరు, అయిదు నెలలకి కర్ర. ఫిజియోథెరపీ కుర్రాడు రోజూ తిట్టించుకుని, రోజూ నవ్వుతూ వచ్చేవాడు. ఎడం పాదం ఇప్పటికీ కొంచెం ఈడుస్తాను. మా ఆయన సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాడట. 2023 ఆషాఢ పౌర్ణమికి కొండ దిగువ తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లూ నడిచి గిరి ప్రదక్షిణ చేసి వచ్చాడు. బొబ్బలెక్కిన ఆయన పాదాలు వేడినీళ్ళ టబ్బులో పెట్టించి, ఎదురుగా కూర్చుని ఏడ్చాను. నా పాదాల కోసం ఆయన పాదాలు.

ఆ డిసెంబరులోనే కొండగుడికి వెళ్ళాలనిపించింది. పాతూరులో హార్బరు పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి కదా: ఒకదాని మీద మరియమాత గుడి, ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా. చిన్నప్పుడు డిసెంబరు 8న అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కినదే. అప్పటికే మూడు నెలలుగా ఆదివారాలు జ్ఞానస్నానం కోసం ఉపదేశం వింటున్నాను, ఇంట్లో చెప్పకుండా. పాఠం చెప్పే సిస్టర్ గారిని ప్రశ్నలతో చంపేసేదాన్ని. ఒకరోజు పునీతుల (సెయింట్ల) గురించి చెబుతూ, బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ ఒకరి కోసం ఒకరు ప్రార్థించే బంధం ఒకటుందన్నారు. వాదించబోయి ఆగిపోయాను. నాకెక్కించిన మందు వేలమంది దాతల ప్లాస్మా కలిపి తయారుచేస్తారని డిశ్చార్జి రోజు ఫార్మసీ అబ్బాయి చెప్పాడు. వాళ్ళలో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు. నా వంతు నేను చెప్పలేకపోయినప్పుడు ఇంకొకరు చెబితే చెల్లుతుందని నా ఒంటికి అప్పటికే తెలుసు.

అమ్మకి చెప్పినప్పుడు మాత్రం పెద్ద గొడవ. "నేను వదిలేసింది నువ్వెందుకు ఎత్తుకుంటావే?" అంది. మూడు రోజులు మాట్లాడలేదు. మా ఆయన ఒక్కటే అడిగాడు, "శనివారాలు ఉపవాసం మానేయమనవు కదా నన్ను?" అని. ఎందుకంటాను, అది ఆయన వెంకన్నకి ఉండేది.

2024 మార్చి 30, ఈస్టరు ముందు రాత్రి చేసే పాస్కా జాగరణ. దీపాలన్నీ ఆర్పేశారు. గుడి బయట మంట వేసి, పెద్ద కొవ్వొత్తి మీద ఫాదర్ గారు 2, 0, 2, 4 అని ఒక్కో అంకె గీశారు. జ్ఞానస్నానంలో నాకు తోడు నిలిచే జ్ఞానతల్లి ఆ నర్సమ్మాయే, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. నైట్ డ్యూటీ మార్పించుకుని వచ్చింది. తల మీద నీళ్ళు పోసినప్పుడు గొప్ప అనుభూతి ఏమీ కలగలేదు, మెడ ఎత్తి ఉంచగలుగుతున్నాను అనే అనుకున్నాను. వెనక్కి తిరిగితే చివరి బల్ల మీద అమ్మ. "కాలు జారి పడతావేమోనని వచ్చాను" అంది.

ఒక్క సలహా చెప్పి ముగిస్తాను, ఇది ఏ మతం వాళ్ళకైనా. పాదాల్లో తిమ్మిరి మొదలై రోజురోజుకీ పైకి వస్తూ, రెండు కాళ్ళూ బలం తగ్గుతుంటే ఆగకండి. నరాల డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. మోకాలి మీద సుత్తితో కొట్టి చూడమని నోరు తెరిచి అడగండి. టెన్షన్ అంటే, అది చూశాకే అనమనండి. ఎవరికీ సారీ చెప్పకండి.

ఆ మొదటి డాక్టరు దగ్గరికి కర్రతో వెళ్ళాను ఒకసారి. ఫైలు చూపించాను. "అప్పుడు అన్నీ నార్మలే కదమ్మా" అన్నాడు. నన్ను గుర్తు కూడా పట్టలేదు. మొన్న ఈస్టరు ముందు తపస్సు కాలంలో పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు చెప్పుకోవడానికి, వెళ్ళినప్పుడు ఇదే చెప్పాను, ఆయన్ని క్షమించడం నా వల్ల కావడం లేదని. ఫాదర్ గారు పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. "ఆయన కోసం ఒక్క మంగళవార్త చెప్పండి" అన్నారు.

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని జపమాల పట్టుకున్నాను. మొదటి సగం అయింది. రెండో సగంలో "పాపాత్ములమైన మా కొరకు" అనాలి. ఆ "మా"లో ఆయన్ని కలపాలి. నోరు రాలేదు. ఊపిరి మాత్రం బోలెడుంది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా..." అని అమ్మ గొంతు, ఎవరి కోసమో ఏంటో తెలియకుండానే, ఆమెన్ దాకా గబగబా చెప్పేసింది. తర్వాత, "మధ్యలో ఆపకే, విన్నవాళ్ళకి చిరాకు. అన్నం వడ్డించేశాను, రా" అంది.